పెరోల్ గడువు దాటి 9 రోజులు

ప్రశ్న: యావజ్జీవ శిక్ష పడిన మా అన్నయ్య, అమ్మ వైద్యం కోసం రాజమహేంద్రవరం కేంద్ర కారాగారం నుంచి పెరోల్‌పై వచ్చాడు. అమ్మ ఐసీయూలో ఉండడంతో గడువుకు తిరిగి వెళ్లలేకపోయాడు. 9 రోజులు దాటాయి. ఇప్పుడు వెళితే పారిపోయినట్లు కేసు పెడతారని భయపడి, కొన్నాళ్లు బంధువుల ఇంట్లో ఉంటానంటున్నాడు. పూచీకత్తు మా చిన్నాన్నది. ఏం చేయాలి?
– ఒక సోదరి, కోనసీమ జిల్లా

జవాబు: అమ్మా, మీ అన్నయ్యను ఈ రోజే బయలుదేరదీయండి. పెరోల్‌తో శిక్ష రద్దు కాదు, షరతులతో కొంతకాలం ఆగుతుంది అంతే. షరతు తప్పినట్లు ప్రభుత్వం భావిస్తే భారతీయ నాగరిక సురక్షా సంహిత 473వ సెక్షన్ (పాత సీఆర్‌పీసీ 432) కింద ఆ నిలిపివేతను రద్దు చేయవచ్చు. ఆపైన ఆయన ఎక్కడ కనిపించినా ఏ పోలీసు అధికారి అయినా వారంటు లేకుండానే అరెస్టు చేసి, మిగిలిన శిక్ష అనుభవించడానికి జైలుకు పంపవచ్చు. నిర్బంధం నుంచి తప్పించుకున్నారంటూ భారతీయ న్యాయ సంహిత 262వ సెక్షన్ కింద వేరే కేసు పెట్టే అవకాశమూ ఉంది. రుజువైతే 2 ఏళ్ల వరకు జైలు. పంజాబ్‌లోని 1962 నాటి ప్రత్యేక చట్టం పెరోల్ గడువు తీరాక లొంగిపోవడానికి 10 రోజులు చూస్తుంది. అది విని ఎవరైనా ఇంకా ఒకరోజు ఉందని చెబితే నమ్మకండి, ఆ చట్టం ఇక్కడ వర్తించదు.

కేసు కన్నా నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది ముందస్తు విడుదల సంగతి. సత్ప్రవర్తనతో ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న రెమిషన్‌ను (శిక్షలో తగ్గింపు రోజులను) జైలు అధికారులు కోత పెట్టవచ్చు, తర్వాతి పెరోల్ దరఖాస్తును ఈ ఒక్క కారణంతో తిరస్కరించవచ్చు, విడుదల జాబితా తయారయ్యేటప్పుడు కమిటీ ముందుకు వెళ్లే నివేదికలో ఈ ఆలస్యం తప్పక కనిపిస్తుంది. ముందస్తు విడుదల కోసం 14 ఏళ్ల వాస్తవ కారాగారవాసాన్ని లెక్కించేటప్పుడు పెరోల్‌పై బయట గడిపిన రోజులను కలపకూడదని గోవా ఖైదీల వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2023 జనవరిలో చెప్పింది. అనుమతితో గడిపిన రోజులకే అలా అయితే, అనుమతి లేని రోజుల గురించి చెప్పనక్కరలేదు.

బంధువుల ఇంట్లో దాచే ఆలోచన మానుకోండి. అరెస్టుకు ఉత్తర్వు ఉందని తెలిసీ ఆశ్రయమిస్తే న్యాయ సంహిత 253వ సెక్షన్ కింద నేరం. ఆ సెక్షన్ మినహాయింపు జీవిత భాగస్వామికే ఇచ్చింది, తల్లికీ తోబుట్టువులకూ ఇవ్వలేదు. చిన్నాన్నగారికి పూచీకత్తు సొమ్ము ఎందుకు చెల్లించకూడదో చెప్పమని నోటీసు రావచ్చు, దానికి గడువులోగా లిఖితపూర్వకంగా బదులివ్వాలి.

పొడిగింపు కోరవలసింది గడువు తీరకముందే. ఆ సమయం దాటిపోయింది కాబట్టి, అమ్మగారు ఆసుపత్రిలో చేరిన తేదీ, ఐసీయూ రికార్డు, డాక్టరు ధ్రువపత్రం, బిల్లులు తీసుకుని, ఆలస్యానికి కారణం వివరిస్తూ సూపరింటెండెంట్‌కు దరఖాస్తు రాయించి, వీలైతే న్యాయవాదిని వెంటబెట్టుకుని ఆయనే స్వయంగా జైలు గేటు దగ్గర హాజరు కావాలి. పట్టుబడి వచ్చిన వారికీ తనంతట తాను వచ్చిన వారికీ మధ్య తేడాను అధికారులూ న్యాయస్థానాలూ గమనిస్తాయి. దరఖాస్తు నకలుపై తేదీ, సమయంతో అందినట్లు సంతకం తీసుకుని మీ దగ్గర ఉంచుకోండి.