తాళాలు తీయడం హాబీయే, కానీ అర్ధరాత్రి బ్యాగులో ఆ సామాను ఎందుకుంది?

ప్రశ్న: మాది గుంటూరు. మహారాష్ట్రలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. తాళంచెవి లేకుండా తాళం తీయడం రెండు నెలలుగా సరదాగా నేర్చుకుంటున్నాను. పోయిన శనివారం స్నేహితుడి ఫ్లాట్‌లో ప్రాక్టీస్ చేసి రాత్రి ఒంటిగంటకు బైక్ మీద వస్తుంటే, నాకాబందీలో (రోడ్డు మీద తనిఖీలో) పోలీసులు తాళాలు తీసే నా సామాను తీసుకున్నారు. మరాఠీలో ఏదో రాసి సంతకం పెట్టించుకున్నారు. అందరి ముందూ దొంగలా నిలబడ్డాను. తెలిసిన తాళాల షాపాయన, నేను తన దగ్గర పని నేర్చుకుంటున్నట్టు పాత తేదీతో లెటర్ ఇస్తానంటున్నాడు. తీసుకోనా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: సొంత తాళాన్ని సన్నటి ఇనుప పుల్లలతో తీయడం నేరం కాదు. మీ కేసు తేలేది మరోచోట. మహారాష్ట్ర పోలీసు చట్టం సెక్షన్ 122 ప్రకారం, పొద్దుగుంకాక తెల్లవారేలోపు ఇళ్లకు కన్నం వేసే పనిముట్టుతో దొరికితే, అది ఉండటానికి చట్టబద్ధమైన కారణం ఉందని చూపాల్సిన భారం మీదే. అదే బ్యాగుతో మధ్యాహ్నం ఒంటిగంటకు దొరికుంటే ఈ క్లాజు మీకు వర్తించేది కాదు.

కాబట్టి ఎంత అవమానం జరిగిందన్నది కోర్టుకు అక్కర్లేదు. ఆ రాత్రి ఎక్కడి నుంచి, ఎందుకు వస్తున్నారో చూపగలరా? సామాను కొన్న ఆన్‌లైన్ బిల్లు తీయండి. లోపలి ఇత్తడి పిన్నులు ఒక్కొక్కటే పైకి లేవడం కనబడే గాజులాంటి ప్రాక్టీస్ తాళం మీ దగ్గర ఉండే ఉంటుంది. దొంగకు దాంతో పనిలేదు, నేర్చుకునేవాడికే ఉంది. దాన్ని భద్రపరచండి. ప్రాక్టీస్ వీడియోలుంటే ఫోన్‌లోంచి చెరపకండి. వాటి కాపీలను కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 సర్టిఫికెట్ (ఆ రికార్డు ఎలా తయారైందో ధ్రువీకరించే కాగితం) కావాలి.

చదవడం రాని భాషలో ఉన్న కాగితం మీద సంతకం ఎలా పెట్టారు? చదువుకున్నవారు, ఇంత అజాగ్రత్త పనికిరాదు. అందులో 'తాళాలు తీయడానికి తిరుగుతున్నాను' అని ఉంటే? స్థానిక లాయర్ ద్వారా కాపీ తీయించి, మాట మాటా చదివించుకోండి.

షాపాయన లెటర్ ముట్టుకోవద్దు. కోర్టు విచారణలో వాడేందుకు దొంగ సాక్ష్యం పుట్టిస్తే భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) సెక్షన్ 229 కింద ఏడేళ్ల దాకా జైలు. 'నీ దగ్గర ఎప్పటి నుంచి పనిచేస్తున్నాడు, ఎంతిస్తున్నావు' అని క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఎదుటి లాయర్ రెండు ప్రశ్నలు అడిగితే ఆయన నిలబడలేడు. అప్పుడు మీ నిజమైన బిల్లును కూడా ఎవరూ నమ్మరు.

ఏడాదికి మించని జైలుశిక్ష ఉన్న నేరాన్ని కోర్టు ఏడాదిలోపే విచారణకు స్వీకరించాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) సెక్షన్ 514 చెబుతుంది. ఏడాది దాటితే కేసు పోతుందన్న లెక్క మీద కూర్చోకండి. సామాను వెనక్కి కావాలంటే అదే చట్టం సెక్షన్ 503 కింద మేజిస్ట్రేట్‌కు దరఖాస్తు పెట్టొచ్చు, అది నెమ్మదిగా చూసుకుందాం. మీ స్నేహితుడి సొసైటీ గేటు సీసీటీవీ మాత్రం ఆగదు. కొన్ని వారాల్లో పాత రికార్డింగ్ మీద కొత్తది పడిపోతుంది. శనివారం రాత్రి ఫుటేజీ, విజిటర్ రిజిస్టర్ పేజీ భద్రపరచమని ఈ రోజే సొసైటీ సెక్రటరీకి లెటర్ ఇచ్చి, మీ కాపీ మీద తేదీతో ఆయన సంతకం తీసుకోండి.