కుందేలు పెట్టడమంటే?

ప్రశ్న: ఫ్రెంచి కథ ఒకటి ఇంగ్లీషులోకి చేస్తున్నాను. 'ఇల్ మా పోజే అఁ లాపఁ' అని ఉంది. నిఘంటువు చూస్తే 'నాకు కుందేలు పెట్టాడు' అని వస్తోంది. ఏం రాయాలి?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: కుందేలుని వదిలేయండి. వస్తానని చెప్పి రాలేదని, అంటే మనవాళ్లు అనే 'హ్యాండిచ్చాడు'. ఇంగ్లీషులో 'హి స్టుడ్ మి అప్'. పదం పదం వెతక్కుండా, ఆ సందర్భంలో మనమైతే ఏమంటామో ముందు అనుకోండి. ఇంగ్లీషు మాట తొందరగా తడుతుంది. ఒక్క చిక్కు: తర్వాతి వాక్యంలో రచయిత ఆ కుందేలు మీదే జోకు వేసి ఉంటే ఇది కుదరదు. అప్పుడు జోకునీ ఇంగ్లీషు మాటకు తగ్గట్టు మార్చాల్సిందే.

ఫ్రెంచిలో ఇలాంటివే ఇంకో రెండు చూడండి. 'తొంబే దాఁ లే పొమ్', అంటే యాపిల్స్‌లో పడటం, స్పృహ తప్పడమే. 'పాస్డ్ అవుట్' తప్పు కాదు గానీ, మన దగ్గర అది డిగ్రీ పూర్తిచేయడం కూడా కదా! ఇక్కడి పాఠకులకైతే 'ఫెయింటెడ్' మేలు.

'ఇల్ ప్లో దే కోర్ద్', తాళ్ల వాన, మన కుండపోత. 'క్యాట్స్ అండ్ డాగ్స్' బడిపుస్తకం వాసన కొడుతుంది. 'ఇట్స్ పోరింగ్' చాలు.