అన్‌సేఫ్ రిపోర్టు వచ్చిందా? గడువు 30 రోజులే

ప్రశ్న: మాది నంద్యాల. బెంగళూరు యశ్వంతపుర యార్డులో నాన్నగారి కాలం నుంచి ధాన్యం హోల్‌సేల్ వ్యాపారం చేస్తున్నాం. పిండిమిల్లుకు పంపాల్సిన మొక్కజొన్నలో ఫుడ్ సేఫ్టీ అధికారి శాంపిల్ తీసి, సరుకు సీజ్ చేసి మా గోడౌన్‌లోనే ఉంచారు. అఫ్లాటాక్సిన్ (బూజు విషం) ఎక్కువుందని ‘అన్‌సేఫ్’ రిపోర్టు పోస్టులో వచ్చి 3 వారాలైంది. కవరు పారేశాం. కొన్నది తెల్ల చీటీ మీద. మేం కల్తీ చేయలేదు. పరువు పోయిందని నాన్నగారు తిండి మానేశారు. కోళ్ల దాణాకు అమ్మేయమని తోటివాళ్లు అంటున్నారు. ఏడాది గడిస్తే కేసు ఉండదట, నిజమేనా?

జవాబు: మీరు కల్తీ చేశారా లేదా అన్నది కాదు, రిపోర్టు ఏ రోజు అందిందన్నదే ఇప్పుడు ముఖ్యం. అందిన నాటి నుంచి 30 రోజుల్లోగా డెసిగ్నేటెడ్ ఆఫీసర్‌కు (మీ ప్రాంతపు ఫుడ్ సేఫ్టీ పై అధికారి) ఫారం 8లో అప్పీలు పెట్టాలి. మీకు మిగిలింది వారం పైచిలుకే. తేదీ ముద్ర ఉన్న కవరును పారేస్తారా? స్పీడ్ పోస్టయితే నంబరుతో పోస్టాఫీసులో డెలివరీ తేదీ రాయించుకోండి.

అప్పీలులో బలం శాంపిల్ దగ్గరే ఉంది. బూజు విషం లోడంతా సమానంగా ఉండదు, తడిసిన బస్తాల్లో కుప్పగా ఉంటుంది. ఎన్ని బస్తాల నుంచి తీశారు, బాగా కలిపారా, సాక్షి ఎవరు, సీలు నంబరు రిపోర్టులోని దానితో సరిపోతోందా? పంచనామా ముందు పెట్టుకుని చూడండి. డెసిగ్నేటెడ్ ఆఫీసర్ దగ్గర ఆ శాంపిల్‌వే మరో రెండు భాగాలు ఉంటాయి. వాటిని మైసూరు సి.ఎఫ్.టి.ఆర్.ఐ. లాంటి రిఫరల్ ల్యాబ్‌కు (అప్పీలులో మళ్లీ పరీక్షించే ల్యాబ్) పంపమని కోరండి. అక్కడా కిలోకు 15 మైక్రోగ్రాములు దాటితే మాత్రం వాదన కష్టం.

దాణాకు అమ్మే ఆలోచన పూర్తిగా మానేయండి. సీజ్ చేసిన సరుకును కదిలిస్తే ఫుడ్ సేఫ్టీ చట్టం సెక్షన్ 60 కింద 6 నెలల వరకు జైలు, 2 లక్షల వరకు జరిమానా. అసలు కేసు కన్నా ఇది తేలిగ్గా రుజువవుతుంది. సరుకు మంచిదేనని అమ్మినవాడితో పాత తేదీతో గ్యారంటీ కాగితం రాయించుకోవడం కూడా వద్దు, అది ఫోర్జరీ.

ఏడాది మాట సగమే నిజం. ఫుడ్ సేఫ్టీ కమిషనర్ కారణాలు రాసి అనుమతిస్తే 3 ఏళ్ల వరకు కేసు పెట్టొచ్చు.

తెల్ల చీటీతో లోడు కొనడం మీ తప్పే. అమ్మినవాడు రాసిచ్చే ఫారం ‘E’ గ్యారంటీ ఉంటే అమ్మినవాడిని ముందుకు లాగేవాళ్లం. ఇప్పుడు లారీ రసీదు, కాటా చీటీ, బ్యాంకు చెల్లింపు, ఫోన్ మెసేజ్‌లు పోగుచేయండి. జాగ్రత్త పడ్డామని సెక్షన్ 80 కింద చెప్పుకోవడానికి అవే ఆధారం. వాటితో రేపే వకీలును కలిసి, అప్పీలు ఇచ్చాక కాపీ మీద ఆఫీసు ముద్ర వేయించుకోండి.