గురువు లేకుండా పుస్తకాలు చూసి బొమ్మలు నేర్చుకోవచ్చా?

ఆర్ట్ స్కూల్‌కి వెళ్లకుండా, పుస్తకాల్లో బొమ్మలు చూసి వేసుకుంటూ పోతే చిత్రకారులం అవుతామా అని అడిగారు. నిక్షేపంగా అవుతారు. ఎనిమిదో తరగతిలో క్యాలెండర్ చూసి నేను కొండలు వేస్తే, మా డ్రాయింగ్ మాస్టారు ఎర్ర సిరాతో 'కాపీ' అని అడ్డంగా రాశారు. తర్వాత ఇరవై ఏళ్లు కుంచె ముట్టలేదు.

మళ్లీ ముట్టించింది క్యోటో చిత్రకారుడు ఇకే నో తైగా (1723–1776). చైనా పండితుల పద్ధతిలో కొండలూ వాగులూ వేశాడు కానీ చైనా చూడలేదు. అప్పట్లో జపాన్ వాళ్లు దేశం దాటకూడదు. అక్కడి నుంచి వచ్చిన 'ఆవగింజ తోట' లాంటి అచ్చు పుస్తకాలు ముందేసుకుని, రాయికి ఏ గీత, చెట్టుకి ఏ చుక్క అని చూసి దించాడు. అంటే కాపీయే! పదిహేనేళ్ల వయసుకే బొమ్మలు వేసిన విసనకర్రల కొట్టు పెట్టాడు. ఓసారి ఊళ్లన్నీ తిరిగినా అమ్ముడుపోక, సెతా వంతెన మీద నుంచి అన్నీ నీళ్లలో పడేశాడట. ఇప్పటివాళ్లేమో ముందు మూడు వేల రూపాయల బ్రష్‌ల సెట్ కొంటారు, కవరు కూడా విప్పరు. మా చెల్లెలు ఈ బాపతే.

కుంచె లేకుండా వేళ్లతో, గోళ్లతో కూడా వేసేవాడు. యానగిసావా కియెన్ అనే పెద్దాయన నేర్పాడంటారు. అది చదివి ఒక ఆదివారం నేనూ చూపుడువేలు సిరాలో ముంచాను. మెత్తటి వేలితో మబ్బు బాగానే వచ్చింది. గోటితో కొమ్మ గీస్తే కాగితం చిరిగింది. గోళ్లలో నలుపు నాలుగు రోజులు పోలేదు. అన్నం కలుపుతుంటే మా అత్తగారు చూసి, "గోరింటాకు ఎర్రగా పండాలమ్మా, ఇదేంటి?" అన్నారు.

తైగా పుస్తకంతోనే ఆగలేదు లెండి. ఫూజీ, హాకుసాన్, తతెయామా కొండలు ఎక్కి వచ్చాడు. 1771లో కవీ చిత్రకారుడూ అయిన బుసోన్‌తో కలిసి వేసిన జానెడు కూడా లేని బొమ్మల ఆల్బమ్ ఈ రోజు జపాన్ జాతీయ సంపద.

ఆయన భార్య గ్యోకురాన్ కూడా చిత్రకారిణే. ఓసారి ఆయన కుంచె మర్చిపోయి ఊరికి బయల్దేరితే, ఆవిడ వెనకాలే పరిగెత్తి అందించిందట. ఈయన పెళ్లాన్ని గుర్తుపట్టక, ఎవరో దారినపోయే మనిషనుకుని దండం పెట్టి వెళ్లిపోయాడట. విన్నవాళ్లంతా ఆయన పరధ్యానానికి నవ్వుతారు. నాకైతే, ఆవిడ అప్పుడు తన బొమ్మ ఏది సగంలో వదిలేసి పరిగెత్తిందో అనిపిస్తుంది.