కారు ఇన్సూరెన్స్ రెన్యువల్: 17,955 కాదు, 6,509 కూడా కాదు

ప్రశ్న: మాది విశాఖపట్నం కూర్మన్నపాలెం. స్టీల్ ప్లాంటులో పనిచేసి రిటైర్ అయ్యాను. 2020 చివర్లో కొన్న 1,197 సీసీ పెట్రోల్ కారు ఉంది. ఇంకో పద్దెనిమిది రోజుల్లో ఇన్సూరెన్స్ గడువు అయిపోతుంది. నిరుడు 12,267 రూపాయలు కట్టాను. ఈసారి అదే కంపెనీ 17,955 కట్టమని నోటీసు పంపింది. హైదరాబాద్‌లో ఉండే మా అబ్బాయి ఒక వెబ్‌సైట్‌లో చూస్తే అదే కారుకి 6,509 అని వచ్చింది. ఫిబ్రవరిలో ఎన్ఏడీ జంక్షన్ దగ్గర ఆటో తగిలి బంపర్ పగిలితే క్లెయిమ్ చేశాను. షోరూంవాళ్లేమో వాళ్ల దగ్గర రెన్యువల్ చేయించకపోతే క్యాష్‌లెస్ (రిపేరు బిల్లు కంపెనీయే వర్క్‌షాపుకి నేరుగా కట్టడం) ఉండదంటున్నారు. ఎవరి మాట నమ్మాలి? అసలు సరైన ధర ఎంత?

జవాబు: నోటీసు ఫొటో, మీ అబ్బాయి తీసిన స్క్రీన్‌షాట్లు, పాత పాలసీ అన్నీ కలిపి పంపారు. చాలా మంచి పని చేశారు. అవి లేకపోతే నేను గాల్లో లెక్కలు చెప్పాల్సి వచ్చేది. ముందే ఒక మాట చెప్తాను: మీ కారుకి ఈ యేడు సరైన ధర పద్నాలుగున్నర వేల చుట్టూ ఉంది. అది ఎలా వచ్చిందో మీరే లెక్క వేసుకునేలా చెప్తాను, ఎందుకంటే ఫోన్‌లో కంపెనీతో మాట్లాడాల్సింది మీరే.

ముందు నోటీసు రెండో పేజీ తీయండి. మొదటి పేజీలో మొత్తం ఒక్కటే పెద్ద అక్షరాల్లో ఉంటుంది, విడి లెక్క రెండో పేజీలో ఉంది. ఓన్ డ్యామేజ్, అంటే మన కారుకి జరిగే నష్టానికి కట్టేది, 7,200. దాని కింద యాడ్ ఆన్‌లు, అంటే అదనపు కవర్లు, ఆరు, కలిపి 4,600. థర్డ్ పార్టీ, అంటే మన కారు వల్ల ఇతరులకి జరిగే నష్టానికి కట్టేది, 3,416. వీటి మొత్తం 15,216 మీద 18 శాతం జీఎస్టీ 2,739. అన్నీ కలిస్తే 17,955.

ఇందులో థర్డ్ పార్టీ గురించి బేరం పెట్టుకోకండి. అది ప్రభుత్వం నిర్ణయించిన రేటు. 1000 సీసీ దాటి 1500 సీసీ లోపు ఉన్న సొంత కార్లకు 2022 జూన్ 1 నుంచి 3,416 రూపాయలుగా పెట్టారు. మీ నోటీసులో ఉన్నదీ అదే అంకె. ఏ కంపెనీకి వెళ్లినా ఈ గడిలో తేడా ఉండదు. ఓన్ డ్యామేజ్ అలా కాదు. 2007 జనవరి నుంచి ఆ ధర కంపెనీల ఇష్టానికే వదిలేశారు. అందుకే ఒకే కారుకి, ఒకే రోజు, రెండు కంపెనీలు రెండు ధరలు చెప్తాయి. మీ బేరమంతా అక్కడా, యాడ్ ఆన్‌ల దగ్గరా చేయాలి.

ఇప్పుడు పెరిగిన ఐదున్నర వేల సంగతి. నిరుడు మీ ఓన్ డ్యామేజ్ 7,600. ఈసారి 7,200. అంటే అసలు రేటు పెరగలేదు, నాలుగు వందలు తగ్గింది కూడా. పోయింది నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ లేకుండా గడిచిన ఏళ్లకి ఓన్ డ్యామేజ్ మీద ఇచ్చే తగ్గింపు. నిరుడు మీకు 45 శాతం బోనస్ ఉండేది, 7,600లో 3,420 తగ్గించి 4,180 మాత్రమే తీసుకున్నారు. ఈ యేడు క్లెయిమ్ లేకుండా ఉంటే అది 50 శాతానికి చేరేది. క్లెయిమ్ చేశారు కాబట్టి ఒక్కసారిగా సున్నా అయింది. మిగతా పెరుగుదల కొత్తగా చేర్చిన యాడ్ ఆన్‌లది: నిరుడు వాటికి 2,800 కట్టారు, ఈసారి 4,600 అడుగుతున్నారు. కొత్తవి కావాలా అని మిమ్మల్ని ఎవరూ అడగలేదని రాశారు. ఇలా అడగకుండా చేర్చిన నోటీసులు నా దగ్గరికి చాలా వస్తుంటాయి, ప్రతిసారీ బాధగానే ఉంటుంది.

ఆ బంపర్ సంగతి కాసేపు చూద్దాం, ఎందుకంటే ఇది మీకే కాదు, చదివే అందరికీ పనికొస్తుంది. వర్క్‌షాపు బిల్లు 6,200. 1500 సీసీ లోపు కారుకి ప్రతి క్లెయిమ్‌లో వెయ్యి రూపాయలు మనమే పెట్టుకోవాలి. అది పోను కంపెనీ ఇచ్చింది 5,200. ఇప్పుడు రెండో వైపు చూడండి. ఈ యేడు పోయిన బోనస్ 7,200లో సగం, అంటే 3,600. దాని మీద జీఎస్టీ కలిపితే 4,248. వచ్చే యేడు క్లెయిమ్ లేకుండా గడిచినా మీకు వచ్చేది 20 శాతమే, ఉండాల్సింది 50. ఓన్ డ్యామేజ్ 7,000 అనుకుంటే ఆ తేడా జీఎస్టీతో 2,478. రెండేళ్లకే 6,726 అయింది. ఆ పై యేడు కూడా 50కి బదులు 25 శాతమే. 5,200 కోసం అంతకన్నా ఎక్కువే పోగొట్టుకున్నారు. మీ తప్పని అనను. బంపర్ పగిలిన టెన్షన్‌లో వర్క్‌షాపులో ఉన్నాయన "ఇన్సూరెన్స్ ఉంది కదా సార్" అంటే ఎవరైనా సరే అనేస్తారు. ఇకపై మాత్రం బిల్లు ఎస్టిమేట్ చేతికి రాగానే, క్లెయిమ్ ఫారం మీద సంతకం పెట్టకముందే, పాలసీ తీసి బోనస్ ఎంత ఉందో చూడండి. అది పోతే రెండేళ్లలో ఎంత నష్టమో కాగితం మీద వేయండి. కంపెనీ ఇచ్చేది దానికి రెండింతలైనా లేకపోతే జేబులోంచి పెట్టుకోవడమే నయం.

ఇక మీ అబ్బాయి చూసిన 6,509. స్క్రీన్‌షాట్ రెండోది కొంచెం పెద్దది చేసి చూడండి. పైన "గత ఏడాది క్లెయిమ్ చేశారా" అన్న చోట "లేదు" అని ముందే టిక్ పెట్టి ఉంది. కింద బోనస్ 50 శాతం అని ఉంది. మీ బాబు ఏమీ మార్చలేదు, అది అలాగే వచ్చింది. కానీ డబ్బు కట్టాక ఆ టిక్ మీరు చెప్పిన మాట అవుతుంది. కొత్త కంపెనీ పాత కంపెనీని అడిగి క్లెయిమ్ సంగతి తెలుసుకుంటుంది. ఈ అబద్ధం రేపు పెద్ద ప్రమాదం జరిగినప్పుడు బయటపడితే క్లెయిమ్ డబ్బు దగ్గర గొడవ మొదలవుతుంది. దయచేసి అక్కడ "అవును" అని మార్చండి.

అదే స్క్రీన్‌లో ఐడీవీ 2,60,000 అని ఉంది. మీ కంపెనీ నోటీసులో 3,60,000. ఐడీవీ అంటే కారు పూర్తిగా పోతే, దొంగతనం జరిగినా, బాగు చేయలేనంత దెబ్బతిన్నా, కంపెనీ ఇచ్చే సొమ్ముకి లెక్క. నాలుగు నుంచి ఐదేళ్ల కారుకి కొత్త ధరలో 50 శాతం తగ్గించి ఐడీవీ లెక్క కడతారు. ఐదేళ్లు దాటాక దానికి పట్టిక లేదు, మీరూ కంపెనీ ఒప్పుకున్న అంకే. మీ కారు సరిగ్గా ఆ గీత దగ్గర ఉంది. అందుకే వెబ్‌సైట్ లక్ష తగ్గించి చవకగా చూపించగలిగింది. ఐడీవీ తగ్గితే ప్రీమియం తగ్గుతుంది, నిజమే. దాంతో ఇంకో ప్రమాదం ఉంది, దాన్ని చాలామంది గమనించరు. రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే కారు మొత్తం పోయినట్టే లెక్క వేస్తారు. 3,60,000 మీద ఆ గీత 2,70,000. 2,60,000 మీద 1,95,000. ఒక ప్రమాదంలో 2,10,000 రిపేరు వచ్చిందనుకోండి. మొదటి పాలసీలో కారు బాగు చేయించి ఇస్తారు. రెండో దాంట్లో బాగయ్యే కారుని కూడా టోటల్ లాస్‌లో పెట్టేస్తారు, మీ చేతికి రెండున్నర లక్షల లెక్క వస్తుంది. ఆ డబ్బుతో అలాంటి కారు దొరకదు.

హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12న మన ఊరి మీద పడింది. మర్నాడు మా వీధిలో చెట్టు కింద నలిగిన కారు పక్కన నిలబడి పాలసీ కాగితం చదువుకుంటున్న ఒక పెద్దాయన నాకింకా గుర్తున్నాడు. ఆయనది ఉత్త థర్డ్ పార్టీ. తుఫానుకి, వరదకి, చెట్టు పడినందుకు డబ్బు వచ్చేది ఓన్ డ్యామేజ్ ఉన్నప్పుడే. సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్లో దాన్ని తీసేయమని నేనెవరికీ చెప్పను. ఐడీవీ కూడా ఊరికే కోయమని చెప్పను. మీ మోడల్, మీ సంవత్సరం, మీ కిలోమీటర్లతో పాత కార్లు ఇప్పుడు ఎంతకి అమ్ముతున్నారో రెండు మూడు చోట్ల అడగండి. 3,60,000 దగ్గర్లో ఉంటే అదే ఉంచండి.

యాడ్ ఆన్‌లలో జీరో డెప్ (మార్చిన భాగాల ఖర్చులో అరుగుదల కోయకుండా ఇచ్చేది) 2,300 ఉంచుకోండి. అది లేకపోతే మీ కారు వయసుకి ఇనుప భాగాల మీద 35 నుంచి 40 శాతం, ప్లాస్టిక్, రబ్బరు భాగాల మీద 50 శాతం మీరే పెట్టుకోవాలి. ఈ రోజుల్లో కారు ముందు భాగమంతా ప్లాస్టిక్కే. కొన్ని కంపెనీలు ఐదేళ్లు దాటాక జీరో డెప్ ఇవ్వవు, కొత్త చోట ముందే అడగండి. ఇంజిన్ ప్రొటెక్షన్ 700 కూడా ఉంచండి. వానాకాలంలో జ్ఞానాపురం వైపు నీళ్లు నిలిచినప్పుడో, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి నీళ్లు వచ్చినప్పుడో ఇంజిన్‌లోకి నీరు వెళ్లి పాడైతే మామూలు పాలసీ ఆ ఖర్చు ఇవ్వదు. (అలాంటప్పుడు నీళ్లలో నిలిచిన కారుని స్టార్ట్ చేయకండి, తోయించి బయటికి తీయించండి.) రోడ్ సైడ్ అసిస్టెన్స్ 200, కన్స్యూమబుల్స్ (ఆయిల్, నట్లు, బోల్టుల లాంటివి) 300, ఉన్నా పరవాలేదు. టైర్ కవర్ 700, తాళం పోతే ఇచ్చేది 400, ఈ రెండూ తీసేయమనండి. ఎవరైనా నో క్లెయిమ్ బోనస్ ప్రొటెక్షన్ అంటూ కొత్తగా అంటగడితే, ఇప్పుడు మీ బోనస్ సున్నా, కాపాడుకోవడానికి ఏమీ లేదు.

యజమానికి పదిహేను లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ మీ స్కూటర్ పాలసీలో ఉందని రాశారు కాబట్టి కారులో మళ్లీ అక్కర్లేదు. నోటీసులో లేదు, సరే. వెబ్‌సైట్‌లో మాత్రం తనంతట తనే చేరిపోతుంటుంది, చూసుకోండి.

ఇప్పుడు రెండూ ఒకే తూకంలో పెడదాం. మీ కంపెనీలో ఆ రెండు యాడ్ ఆన్‌లు తీసేస్తే జీఎస్టీతో 16,657. మీ బాబు చూసిన రెండో కంపెనీలో అదే 3,60,000 ఐడీవీ, బోనస్ సున్నా, అవే నాలుగు యాడ్ ఆన్‌లు పెట్టి నేను మీ వివరాలతో చూశాను. ఓన్ డ్యామేజ్ 5,815, యాడ్ ఆన్‌లు 3,000, థర్డ్ పార్టీ అదే 3,416, జీఎస్టీతో మొత్తం 14,433. మొదట కనిపించిన 6,509 ఇలా అయింది. ఇప్పటికీ మీ కంపెనీ కన్నా 2,224 తక్కువే. మీరు తెప్పించుకునే కొటేషన్లు కూడా ఇలాగే ఉండాలి: ఐడీవీ ఒకటే, బోనస్ ఒకటే, యాడ్ ఆన్‌లు ఒకటే. కనీసం మూడు కంపెనీలవి తీసుకోండి. రిజిస్ట్రేషన్ ఊరు విశాఖపట్నం అని పడిందో లేదో చూడండి. హైదరాబాద్, చెన్నై, బెంగళూరు లాంటి ఎనిమిది పెద్ద నగరాలు జోన్ ఏ, మనది జోన్ బీ. మీ అబ్బాయి హైదరాబాద్‌లో కూర్చుని నింపాడు కదా, ఆ ఊరి పేరు పడితే ధర మారిపోతుంది.

ఆ కొటేషన్ చేతిలో పెట్టుకుని మీ కంపెనీకే ఫోన్ చేయండి. పాలసీ మీద ఉన్న నంబరుకే చేయండి, వాట్సాప్‌లో వచ్చిన నంబరుకి వద్దు. "ఇంత ఐడీవీకి, ఈ నాలుగు యాడ్ ఆన్‌లకి, బోనస్ లేకుండానే ఫలానా కంపెనీ 14,433 ఇస్తోంది. నేను ఐదేళ్లుగా మీ దగ్గరే ఉన్నాను. ఓన్ డ్యామేజ్ మీద డిస్కౌంట్ ఎంత పెంచగలరు?" అని అడగండి. "ప్రీమియం తగ్గించండి" అనకండి. అలా అంటే ఐడీవీ తగ్గించి, తగ్గించామని చెప్తారు. వాళ్లు చెప్పిన అంకె మెయిల్‌లో పంపమనండి, పంపినదాంట్లో ఐడీవీ గడి ముందు చూడండి. మొదటి ఫోన్‌కి కుదరకపోతే రెండు రోజులాగి మళ్లీ చేయండి. గడువుకి ముందు వారంలో వాళ్లే ఫోన్ చేసే అవకాశం కూడా ఉంది. పదిహేను వేల లోపు వస్తే అక్కడే ఉండిపోండి. రాకపోతే మారిపోండి, మారినందుకు మీకు పోయేదేమీ లేదు.

ఇంకో చిన్న తగ్గింపు ఉంది. చిన్న దెబ్బలకి క్లెయిమ్ చేయకూడదని ఎలాగూ అనుకున్నాం కదా, అయితే వెయ్యికి పైన ఇంకో 2,500 మీరే పెట్టుకుంటానని వాలంటరీ డిడక్టబుల్ తీసుకోవచ్చు. పాత టారిఫ్ (2007కి ముందు అన్ని కంపెనీలకీ ఒకటే ఉన్న రేట్ల పట్టిక) లెక్కలో దానికి ఓన్ డ్యామేజ్ మీద 20 శాతం తగ్గింపు, గరిష్ఠంగా 750. అంతకన్నా పెద్ద డిడక్టబుల్ మీకు వద్దు.

షోరూంవాళ్ల మాట నిజం కాదు. రెన్యువల్ ఎక్కడ చేయించుకోవాలన్నది పూర్తిగా మీ ఇష్టం. క్యాష్‌లెస్ ఉంటుందా అనేది మీరు తీసుకునే కంపెనీకీ ఆ వర్క్‌షాపుకీ ఒప్పందం ఉందా లేదా అన్నదాని మీద ఆధారపడుతుంది. కంపెనీ వెబ్‌సైట్‌లో గ్యారేజీల జాబితా ఉంటుంది, మీరు మామూలుగా వెళ్లే గాజువాక ఆటోనగర్ వైపు వర్క్‌షాపు పేరు అందులో ఉందో లేదో చూసుకున్నాకే డబ్బు కట్టండి.

ఏదైనా సరే, గడువుకి మూడు నాలుగు రోజుల ముందే ముగించండి. ఒక్క రోజు దాటినా కారు ఇన్స్పెక్షన్ అడుగుతారు, ఆ మధ్యలో ఏం జరిగినా బాధ్యత మీదే, పోలీసులు ఆపితే మొదటిసారి జరిమానా రెండు వేలు. పాలసీ వచ్చాక ఆర్‌సీ పక్కన పెట్టుకుని ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు, మీ పేరులో అక్షరాలు, ఐడీవీ, జీరో డెప్ పేరు, ఫిబ్రవరి క్లెయిమ్ చూపించారా లేదా, ఒక్కొక్కటీ వేలు పెట్టి చూడండి. తేడా కనిపిస్తే అదే రోజు మెయిల్ పెట్టి సరిచేయించండి. కొద్ది రోజులాగి ఎంపరివాహన్ యాప్‌లో మీ బండి నంబరు కొట్టి, కొత్త గడువు తేదీ పడిందో లేదో చూసుకోండి.