క్లాట్ మాక్ మార్కులు 52 దగ్గరే ఆగిపోతే ఏం చెయ్యాలి

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి ప్లస్ టూ ఆర్ట్స్ రెండో సంవత్సరం చదువుతున్న అమ్మాయి రాసింది. ఇంట్లో తెలుగు, పదో తరగతి దాకా ఒడియా మీడియం, ఇప్పుడు రాయాల్సిన క్లాట్, అంటే నేషనల్ లా యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష, మొత్తం ఇంగ్లీషులో. కొన్ని వారాలుగా రాత్రి పది దాటాక ఫోన్‌లో రోజుకొక మాక్ (నమూనా పరీక్ష) రాస్తోంది, మార్కులు మాత్రం 50, 55 మధ్యే తిరుగుతున్నాయి. చివరి మాక్‌లో 120లో 112 ప్రశ్నలకు జవాబు పెడితే 64 ఒప్పు, 48 తప్పు. "ఇంకా ఎక్కువ మాక్‌లు రాయాలా? నాన్న ఇది మానేసి తెలుగులో లాసెట్ రాయమంటున్నారు" అని అడిగింది. లాసెట్ అంటే ఆంధ్ర, తెలంగాణ లా కాలేజీల ప్రవేశ పరీక్ష.

అమ్మా, రోజూ మాక్ రాయడం ఇవాళ్టి నుంచే ఆపెయ్. వారానికి ఒక్కటి చాలు, పరీక్ష నెల రోజుల్లోకి వచ్చాక రెండు. మాక్ నీ తప్పు ఎక్కడుందో చూపిస్తుందేగానీ దాన్ని సరిచెయ్యదు. సరిచేసుకునే రోజు లేకుండా మళ్లీ మర్నాడు ఇంకోటి రాస్తే అవే తప్పులు ఇంకా గట్టిగా అలవాటవుతాయి.

ముందు నీ లెక్కే చూద్దాం. తప్పుకి పావు మార్కు పోతుంది కాబట్టి 48 తప్పులకు 12 మార్కులు పోయి 52 మిగిలింది. ఒకటీ రెండూ కొట్టెయ్యలేని ప్రశ్నలు, అంటే నాలుగు ఆప్షన్లూ ఒకేలా కనిపించేవి, 16 గుడ్డిగా పెట్టావనుకో, సగటున 4 ఒప్పు, 12 తప్పు, చేతికొచ్చేది ఒక్క మార్కు. ఆ ఒక్క మార్కు కోసం పది పదిహేను నిమిషాలు పోతాయి, నిజంగా వచ్చిన ప్రశ్నలకు ఆ టైమే చాలక హడావుడి అవుతోంది. అదే రెండు ఆప్షన్లు నమ్మకంగా కొట్టేసి మిగిలిన రెండిట్లో ఒకటి పెడితే, 16 ప్రశ్నలకు సగటున 8 ఒప్పు, 8 తప్పు, 6 మార్కులు. అందుకని రెండు కొట్టెయ్యగలిగితే పెట్టు, లేకపోతే వదిలెయ్. 96 పెట్టి 72 ఒప్పు తెచ్చుకుంటే 66 వస్తాయి, అంటే తక్కువ పెట్టి 14 ఎక్కువ.

ఇప్పుడు అసలు పని. మాక్ రాసేటప్పుడే అనుమానంగా పెట్టిన ప్రతి ప్రశ్న పక్కన పెన్నుతో చుక్క పెట్టు. అయ్యాక వివరణలు వెంటనే చూడొద్దు, అది చాలామంది చేసే పొరపాటు, చదవగానే "ఓ, ఇంతేనా" అనిపిస్తుంది కానీ ఏమీ నేర్చుకోం. జవాబుల కీలో నంబర్లు మాత్రం చూసి తప్పయినవి గుర్తించు, మర్నాడు టైమ్ పెట్టుకోకుండా వాటిని మళ్లీ చెయ్యి. రెండోసారి ఒప్పయితే అది తొందర వల్ల జరిగిన తప్పు. రెండోసారీ తప్పయితే పాసేజ్ అర్థం కాలేదన్నమాట, లేదా ఆ రకం ప్రశ్నే రావట్లేదన్నమాట. ఈ రెండిటికీ మందు వేరు. చుక్క పెట్టినా ఒప్పయినవి కూడా మళ్లీ చెయ్యి, అవి నీవి కాదు, అదృష్టానివి. ఒక నోట్‌బుక్‌లో ఒక్కో ప్రశ్నకు ఒక్క వాక్యం, ఎందుకు తప్పయిందో తెలుగులోనే రాసుకో.

నువ్వు బరంపురంలో కొన్న పాత గైడు గురించి కూడా రాశావు, లాటిన్ న్యాయసూత్రాలన్నీ కంఠతా పట్టానన్నావు. ఆ గైడు పక్కన పెట్టెయ్యమ్మా. 2020 నుంచి క్లాట్ పాసేజ్‌ల పరీక్ష అయిపోయింది, 2024 పేపర్ నుంచి ప్రశ్నలు 150 నుంచి 120కి తగ్గాయి. 2020కి ముందు పేపర్లు 200 ప్రశ్నలవి, వాటితో ఇప్పుడు ప్రాక్టీస్ చేస్తే దారి తప్పుతావు. తర్వాతి పేపర్లు, కీలతో సహా, క్లాట్ నడిపే కన్సార్టియం వెబ్‌సైట్‌లో ఉచితంగానే దొరుకుతాయి, ఏ టెస్ట్ సిరీస్ కంటే అవే మేలు.

లీగల్ రీజనింగ్‌లో నీకు మార్కులు పోతున్నది చట్టం తెలియక కాదు, తెలిసే. ఉదాహరణకి పాసేజ్‌లో "మైనర్ చేసుకున్న ఒప్పందం చెల్లదు, కానీ వయసు అబద్ధం చెప్పి తీసుకున్న వస్తువు ఇంకా అతని దగ్గరే ఉంటే తిరిగి ఇవ్వాలి" అని ఉందనుకో. కాశీనగర్‌లో పదిహేడేళ్ల కుర్రాడు పందొమ్మిది అని చెప్పి స్కూటర్ కొన్నాడు, బండి ఇంటి ముందే ఉంది. మైనర్ ఒప్పందం చెల్లదని చదువుకున్న నువ్వు "ఏమీ ఇవ్వక్కర్లేదు" అని పెడతావు, పాసేజ్ మాత్రమే చదివిన పిల్ల "బండి తిరిగివ్వాలి" అని పెట్టి మార్కు తీసుకుంటుంది. ప్రశ్న అడిగేది పాసేజ్‌లోని నియమాన్నే. నియమం ఎక్కడుందో గీత గీసి, "కానీ", "అయితే తప్ప" అన్న మాటలు వచ్చేచోట గుండ్రం చుట్టు, ఎక్కువ ప్రశ్నలు అక్కడి నుంచే వస్తాయి.

ఇంగ్లీషు భయం గురించి. పాసేజ్ 450 మాటల దాకా ఉంటుంది, నువ్వు మనసులో ఒక్కో వాక్యాన్నీ మార్చుకుంటూ చదువుతున్నావు కాబట్టి లాజికల్ రీజనింగ్ చివరి పాసేజ్‌లు అందట్లేదు. రోజుకొక ఇంగ్లీషు సంపాదకీయం తీసుకో, ఒక్కో పేరా ఆగకుండా చదివి, రాసినాయన ఏమంటున్నాడో తెలుగులో ఒక్క వాక్యం పైకి చెప్పు. తెలియని మాట దగ్గర ఆగకు, డిక్షనరీ అంతా అయ్యాకే.

టైమ్ విషయానికొస్తే 120 నిమిషాల్లో జీకే, కరెంట్ అఫైర్స్‌కి 15 చాలు, వస్తే వస్తుంది లేకపోతే లేదు. లీగల్‌కి 38, లాజికల్‌కి 27, ఇంగ్లీషుకి 22, మ్యాథ్స్‌కి 13 పెట్టుకో, మిగిలిన అయిదు నిమిషాలు చూసుకోవడానికి. ఆర్ట్స్ పిల్లలు మ్యాథ్స్ వదిలేస్తారు, నువ్వు వదలకు. 10 నుంచి 14 ప్రశ్నలు, శాతాలు, నిష్పత్తులు, సగటు, పదో తరగతి స్థాయి లెక్కలే.

రాత్రి ఫోన్‌లో రాయడం కూడా ఆపెయ్. అసలు పరీక్ష కాగితం మీద, మధ్యాహ్నం 2 నుంచి 4 దాకా. జిరాక్స్ షాపులో పేపరూ ఓఎంఆర్ షీటూ (జవాబుల బబుల్స్ దిద్దే కాగితం) ప్రింట్ తీయించుకుని ఆదివారం రెండింటికే కూర్చో. ఒక్కో పాసేజ్ అవగానే బబుల్స్ దిద్దు, చివర్లో అన్నీ ఒకేసారి దిద్దితే గడి జారిపోతుంది.

నాన్నగారి మాట కొట్టిపారెయ్యొద్దు. లాసెట్‌లో 90 నిమిషాలకు 120 ప్రశ్నలు, నెగెటివ్ మార్కుల్లేవు, తెలుగులో రాయొచ్చు, ఫారం వేసి పెట్టుకోవచ్చు. మీరు ఒడిశావాళ్లు కాబట్టి లోకల్ (స్థానికత) నిబంధన మాత్రం నోటిఫికేషన్‌లో చదివాకే ఆశ పెట్టుకోండి. విశాఖలోని దామోదరం సంజీవయ్య యూనివర్సిటీ మీకు దగ్గరే, క్లాట్ ద్వారానే సీటు, కానీ అక్కడ ఆంధ్ర కోటా సరిహద్దుకి అవతలున్న పాతపట్నంవాళ్లకి వస్తుంది, ఇవతల ఉన్న మీకు కాదు. కటక్‌లోని నేషనల్ లా యూనివర్సిటీలో ఒడిశా వాసులకు విడిగా సీట్లున్నాయి, తహసీల్ ఆఫీసులో రెసిడెంట్ సర్టిఫికెట్‌కి ఇప్పుడే దరఖాస్తు పెట్టించు, కౌన్సెలింగ్ టైమ్‌లో తిరిగితే టెన్షన్.

రెండు ఆదివారాల పేపర్లు అయ్యాక మార్కులు రాయక్కర్లేదు, ఆ నోట్‌బుక్ పేజీల ఫోటోలు పంపు, తొందర తప్పులు ఎక్కువున్నాయా చదవడంలో తప్పులు ఎక్కువున్నాయా చూసి తర్వాతి నెల ప్లాన్ చెబుతాను.