కరాటేలో చేరిన మేనకోడలికి

బిడ్డా,

మీ అమ్మ ఫోన్ చేసింది. ముప్పై ఎనిమిదేళ్లకు నువ్వు కరాటేలో చేరావట, మామగా నేనైనా చెప్పి మాన్పించాలట. నేనెందుకు మాన్పిస్తాను? ఫోన్ పెట్టేసిన దగ్గర్నుంచి మీ అత్తకు అదే ముచ్చట చెబుతున్నాను. కానీ రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

గోళ్లు కత్తిరించుకో. గాజులు, ఉంగరం ఇంట్లోనే పెట్టి పో. కడుపు నిండా తిని పోకు. పదేళ్ల పిల్లవాడు నీకంటే పై బెల్టులో ఉంటే వాడికి వంగి నమస్కారం పెట్టడానికి సిగ్గుపడకు.

ముందు ఒకటి చెప్పు. మీ క్లాసులో కింద మ్యాట్ ఉందా, బండలా?

మహబూబ్‌నగర్‌లో నేను నేర్చుకున్నది ఒక షెడ్డులో, షాబాద్ బండల మీద. నాతోపాటు ఒక ఆర్టీసీ కండక్టర్ వచ్చేవాడు. మా అందరిలోకి బాగా చేసేవాడు. కాలు పక్క నుంచి గుండ్రంగా తిప్పి కొట్టే కిక్కు ఉంటుంది చూడు, మవాషి గేరి, అదంటే వాడికి ప్రాణం. ఆ కిక్కులో అందరూ లేచే కాలునే చూస్తారు. కానీ కొట్టే కాలుతో పాటు నేల మీది పాదం కూడా మునివేళ్ల మీద తిరగాలి, మడమ ముందుకు రావాలి. నడుము తిరిగి పాదం తిరగకపోతే ఆ మెలి అంతా మోకాలి మీద పడుతుంది. చెమట పట్టిన ఉత్తకాలు బండకు అతుక్కుంటే ఇంకెక్కడ తిరుగుతుంది? బెల్టు టెస్టు దగ్గర పడిందని వాడు క్లాసు అయ్యాక కూడా ఒక్కడే నిలబడి అవే కిక్కులు కొట్టేవాడు. ఒకరోజు మోకాలి లోపల టక్‌మంది. తెల్లారేసరికి వాచింది. డాక్టర్ దగ్గరికి పోదామంటే "టెస్టు అయినంక చూద్దాం లే అన్నా" అన్నాడు. క్రేప్ బ్యాండేజీ చుట్టి, నొప్పి గోళీ మింగి టెస్టు ఇచ్చాడు. పాసయ్యాడు కూడా. మాస్టర్‌కు కనబడలేదా అంటే కనబడింది, అయితే ఫీజు అప్పటికే కట్టించుకున్నాడు. తర్వాత ఆ మోకాలు నడుస్తుంటే మధ్యలో పట్టేసేది, మెట్లు దిగుతుంటే జారిపోయేది. లోపలి మెత్తటి గుజ్జు చిరిగిందన్నారు హైదరాబాద్‌లో. వాడిది కదిలే బస్సులో నిలబడి టికెట్లు కొట్టే ఉద్యోగం. డిపోలో కూర్చునే పని ఇప్పించమని అందరి చుట్టూ తిరిగాడు. మా క్లాసుకు మళ్లీ రాలేదు.

ఏ బెల్టు కోసమమ్మా ఇదంతా? పాతకాలంలో కరాటే పుట్టిన ఒకినావా దీవుల వాళ్లకు బెల్టుల లెక్కే లేదు. జూడోను మొదలుపెట్టిన కానో అందులో పెట్టిన పద్ధతి చూసి, ఒకినావా కరాటే గురువు ఫునకోషి దాన్ని కరాటేలోకి తెచ్చాడు. ఆ ఫునకోషి టోక్యోకు వచ్చి నేర్పడం మొదలుపెట్టింది 1922లో. అప్పటికే ఆయనకు యాభై దాటాయి. నీకేం తొందర? మూడు నెలలకోసారి టెస్టు రాయమంటే, ఈసారి రాయనని చెప్పు. ఫీజు మిగులుతుంది.

మామకు మోకాళ్ల పిచ్చి అని నవ్వకు. నల్గొండ జిల్లా మర్రిగూడ దిక్కు పెరిగినవాణ్ని. ఫ్లోరైడ్ నీళ్లతో నలభైకే నడుము వంగినవాళ్లను, కూర్చుంటే లేవలేనివాళ్లను చూస్తూ పెరిగాను. మీ అమ్మమ్మ చివరి రోజుల్లో పక్కకు చూడాలంటే మెడ తిరిగేది కాదు, మనిషే మొత్తం తిరిగేది. నువ్వప్పుడు చిన్నపిల్లవు. నీ కాలానికి కృష్ణా నీళ్లు వచ్చాయి. వంగే నడుము, మడిచే మోకాళ్లు నీకున్నాయి. వాటిని ఒక టెస్టు కోసం పోగొట్టుకుంటే నేను ఊరుకోను.

జెన్‌కుత్సు దాచిలో, అదే ముందు కాలు మడిచి వెనక కాలు చాపి నిలబడే భంగిమలో, ముందు మోకాలు కాలివేళ్ల వైపే ఉండాలి, లోపలికి వాలకూడదు. అద్దం ముందు చూసుకో. కప్పగంతులు వేయించే మాస్టర్ అయితే, నా వల్ల కాదని పక్కకు నిలబడు. తిడితే తిట్టనీ. కిక్కులు ముందు నడుము ఎత్తుకే కొట్టు, తలదాకా లేపాలన్న సరదా తర్వాత తీర్చుకోవచ్చు. తొడలు, పిక్కలు పట్టేస్తే కొద్ది రోజుల్లో అదే పోతుంది. కీలు వాచిందంటే మాత్రం ఆ రోజే ఆపెయ్, డాక్టర్‌కు చూపించు, నాకు ఫోన్ చెయ్. నువ్వు దాచిపెట్టే రకానివి, నాకు తెలుసు. చిన్నప్పుడు అరికాల్లో తుమ్మముల్లు దిగితే చీము పట్టేదాకా నోరు విప్పలేదు. పిన్నీసుతో నేను తీస్తుంటే ఏడవకుండా నా భుజం కొరికావు.

దసరాకు వచ్చినప్పుడు హియాన్ షోదాన్, అదే మొదట్లో నేర్పే ఆ కటా (వరస అడుగులు, దెబ్బలు), చేసి చూపించు. తప్పులు పడతాను, ఏడవద్దు. మీ అమ్మతో నేను మాట్లాడతాను. అల్లుడికి కరాటే గురించి బెంగ లేదట, క్లాసు అయ్యాక క్లాక్ టవర్ నుంచి చీకట్లో ఎట్లా వస్తావని టెన్షన్ పడుతున్నాడట. ముందు ఆ స్కూటీ లైటు బాగు చేయించు.

మీ మామ